వూడూ అంటే చేతబడి కాదండి, ఆ మాట అలా వాడకండి

సంపాదకులు గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్ లోపలి పేజీలో ఒక వార్త వచ్చింది, ఎవరో ఎవరికో చేతబడి చేయించారని పోలీసుల దాకా వెళ్ళిన గొడవ, దానికి మీవాళ్ళు పెద్ద అక్షరాల్లో "వూడూ పూజల కలకలం" అని హెడ్డింగ్ పెట్టి పక్కనే గుండుసూదులు గుచ్చిన గుడ్డబొమ్మ ఫోటో వేశారు. వార్త మొత్తం రెండుసార్లు చదివాను, వూడూ అనే మాట హెడ్డింగ్‌లో తప్ప ఇంకెక్కడా లేదు, ఉండాల్సిన పనీ లేదు, ఆ గొడవకీ ఆ మాటకీ పూచికపుల్లంత సంబంధం కూడా లేదు కాబట్టి. మీరొక్కరే అనట్లేదు, టీవీ ఛానెళ్ళు, యూట్యూబ్ థంబ్‌నెయిళ్ళు అన్నీ అంతే, జనాన్ని భయపెట్టాలంటే చాలు వూడూ. కానీ చిన్నప్పట్నుంచి చదువుతున్నది మీ పేపరే కాబట్టి మీకే రాస్తున్నా.

అది చేతబడికి ఇంగ్లీషు పేరు కాదండి. అది ఒక మతం, హైతీ అనే దేశంలో లక్షల మంది పాటించే మతం, దానికి దేవుడున్నాడు, దేవతలున్నారు, పూజారులున్నారు, పూజారిణులున్నారు, పెళ్ళిళ్ళు, చావులు, పండగలు అన్నీ ఉన్నాయి. అక్కడివాళ్ళు పలికే పలుకుబడి కూడా వూడూ కాదు, వోదూ. అసలు మామూలు జనం ఆ పేరు కూడా పెద్దగా వాడరు, "మేము ల్వాలని కొలుస్తాం" అంటారు అంతే. ల్వా అంటే వాళ్ళ దేవత.

నాకెలా తెలుసంటారా, మా ఆయన ఉద్యోగం వల్ల కొన్నేళ్ళు న్యూయార్క్‌లో బ్రూక్లిన్‌లో ఉన్నాం, మా కింది వాటాలో ఒక పెద్దావిడ ఉండేది, హైతీ నుంచి వచ్చినావిడ, అప్పటికే 70 దాటేశాయి. ఆదివారం పొద్దున్నే తెల్లబట్టలు కట్టుకుని చర్చికి వెళ్ళేది. కొన్ని రోజులు మాత్రం తెల్లారకముందే లేచి గుమ్మం దగ్గర నిలబడి చిన్న కప్పుతో నీళ్ళు మూడుసార్లు నేల మీద పోసేది, ఏదో గొణుక్కుంటూ. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను, ఏంటండీ అది అని. పోయినవాళ్ళకి దాహం వేస్తుంది కదా అమ్మాయీ అంది. అంతే, అంతకుమించి ఏం చెప్పలేదు. మిగతాది చెప్పడానికి ఆవిడకి ఏడాది పైనే పట్టింది, నన్ను నమ్మడానికి పట్టిన టైమ్ అది, ఎందుకు అంత పట్టిందో కింద చెప్తాను.

ముందు ఇది ఎక్కడ పుట్టిందో చెప్పాలి. పశ్చిమ ఆఫ్రికాలో ఇప్పుడు బెనిన్ అంటున్న దేశంలో ఒకప్పుడు దహోమే అని ఒక రాజ్యం ఉండేది, అక్కడి ఫోన్ జాతివాళ్ళ భాషలో వోదున్ అంటే దేవత, కంటికి కనపడని శక్తి అని. ఆ మతం అక్కడ ఇప్పటికీ బతికే ఉంది, ఏటా జనవరిలో బెనిన్‌లో వోదున్ పండగ, దానికి దేశమంతా సెలవు. ఆ తీరం నుంచి, ఇంకా కిందికి కాంగో వైపు నుంచి, మనుషుల్ని ఓడల్లో గొలుసులేసి తీసుకెళ్ళి కరీబియన్‌లో సాన్ దొమాంగ్ అనే ఫ్రెంచి కాలనీలో అమ్మారు, అదే ఇప్పటి హైతీ. చెరుకు, కాఫీ, నీలిమందు తోటలు. 1791 నాటికి అక్కడ దగ్గర దగ్గర 5 లక్షల మంది బానిసలు, వాళ్ళలో ఎక్కువమంది ఆఫ్రికాలోనే పుట్టి పెరిగి వచ్చినవాళ్ళు, ఎందుకంటే ఆ తోటల్లో మనుషులు పుట్టేదానికన్నా వేగంగా చచ్చిపోయేవాళ్ళు, చచ్చిన కొద్దీ కొత్త ఓడ వచ్చేది.

ఇప్పుడు ఆలోచించండి, ఒకే గుడిసెల వరసలో ఫోన్ మనిషి, యోరుబా మనిషి, కాంగో మనిషి, ఇగ్బో మనిషి, ఒకరి భాష ఒకరికి రాదు, ఒకరి దేవుడు ఇంకొకరికి తెలీదు. వాళ్ళందరూ కలిసి కట్టుకున్న మతం ఇది. ఎవరి దేవతలనీ పారేయలేదు, వంతులు పెట్టుకున్నారు. ఇప్పటికీ పూజలో దేవతల్ని "జాతులు"గా పిలుస్తారు, రాదా దేవతలు దహోమే వైపు నుంచి వచ్చినవాళ్ళు, నాగో అంటే యోరుబా, తర్వాత కాంగో, ఇబో, ఇంకా పెత్వో అని ఉంటారు, వాళ్ళు ఆ తోటల వేడిలోనే పుట్టినవాళ్ళంటారు, కొరడా చప్పుడు, ఈల, తుపాకీమందు ఇవన్నీ వాళ్ళ పూజలో ఉంటాయి. హైతీలో గొనైవ్ ఊరి చుట్టుపక్కల మూడు పాత స్థానాలు ఉన్నాయి, సువనాన్స్‌లో దహోమే పద్ధతి, బాజోలో నాగో పద్ధతి, సుక్రీలో కాంగో పద్ధతి, ఇన్ని వందల ఏళ్ళైనా ఒకదాంట్లో ఒకటి కలిపేసుకోకుండా దేనికదే నిలబెట్టుకున్నారు. నాకైతే ఇది చాలా గొప్ప విషయం అనిపిస్తుంది, చదువూ లేదు, పుస్తకమూ లేదు, పగలంతా చెరుకు నరుకుతూ ఇది కాపాడుకున్నారు.

ఫ్రాన్స్ రాజు 14వ లూయీ 1685లో బానిసల కోసం ఒక చట్టం తెచ్చాడు, నల్ల చట్టం అనే పేరు దానికి, కోడ్ న్వార్. ప్రతి బానిసకీ కాథలిక్ బాప్తిజం ఇవ్వాలి, వేరే మతం బయటికి పాటిస్తే శిక్ష, వేరే వేరే యజమానుల బానిసలు పెళ్ళి వంక పెట్టుకుని కూడా ఒకచోట చేరకూడదు. దాంతో కాథలిక్ సెయింట్ల పటాలు వీళ్ళ పూజల్లోకి వచ్చాయి. పాముల్ని తరిమే సెయింట్ పాట్రిక్ పటంలో వీళ్ళు పాము రూపంలో ఉండే దాంబాలాని చూసుకున్నారు, తాళంచెవులు పట్టుకున్న సెయింట్ పీటర్‌లో దారి తెరిచే లెగ్బాని చూసుకున్నారు. దీన్ని అందరూ ముసుగు, మోసం అని తేల్చేస్తారు కానీ అది సగమే నిజం. కాంగో రాజు 1491లోనే బాప్తిజం తీసుకున్నాడు, అక్కణ్ణుంచి వచ్చిన బానిసల్లో చాలామందికి ఓడెక్కే ముందే సెయింట్లు తెలుసు. మా కింది వాటా ఆవిడ చర్చికి వెళ్ళడం కూడా నాటకం కాదు, నిజంగా భక్తే. వోదూ పూజ మొదలయ్యేది కూడా కాథలిక్ ప్రార్థనలతోనే.

వాళ్ళ లెక్కలో పైన ఒక్కడే దేవుడు, బొన్‌ద్యే, అన్నీ చేసినవాడు, కానీ చాలా దూరంలో ఉంటాడు, మన చిన్న చిన్న కష్టాలు వినేంత దగ్గరగా ఉండడు. ఆ దగ్గరగా ఉండేవాళ్ళే ల్వాలు. లెగ్బా ముసలాయన, కర్ర పట్టుకుని గేటు దగ్గర ఉంటాడు, ఆయన తెరవందే ఎవరూ రారు కాబట్టి మొదటి పాట ఆయనకే. ఓగూ యుద్ధానికీ ఇనుముకీ దేవత. ఎజిలీ ఫ్రేదా సెంటూ నగలూ ఇష్టపడుతుంది, ఎంత ఇచ్చినా చివరికి ఏడుస్తుంది. ఎజిలీ దాంతో అలా కాదు, కష్టం చేసే తల్లి, చెంప మీద గాటు ఉంటుంది, పిల్ల జోలికొస్తే ఊరుకోదు. కూజేన్ జాకా రైతు, గడ్డి టోపీ, భుజాన సంచి, ఆయన్ని దేవుడా అని కాదు "కజిన్" అని పిలుస్తారు, బంధువు లెక్క. ఇంత సంసారపక్షంగా ఉండే దేవతలు మరి మీ హెడ్డింగ్‌లో బూచులు ఎలా అయ్యారో నాకు అర్థం కాదు.

నవంబర్ 1, 2 తారీకుల్లో గెదే పండగ, చనిపోయినవాళ్ళ దేవతలకి. ఆవిడ నన్ను ఆ ఏడాది తీసుకెళ్ళింది, నాలుగు వీధుల అవతల ఒకరింటి బేస్‌మెంట్‌లో, హైతీలో అయితే ఉన్‌ఫో అనే గుడి ఉండేది, మధ్యలో పోతో మితాన్ అనే స్తంభం ఉండేది, దేవతలు దాని మీదుగానే దిగుతారు. ఇక్కడ ఆ స్తంభం బదులు బేస్‌మెంట్ ఇనుప పైపుకే రంగు గుడ్డలు కట్టారు. ముప్ఫై మంది దాకా ఉన్నాం. పూజారిణిని మాంబో అంటారు, మగ పూజారి అయితే ఉంగాన్, ఇద్దరికీ ఒకటే హోదా, ఆ రోజు అక్కడ మాత్రం పెద్దరికం అంతా మాంబోదే. చేతిలో అసోన్ ఉంటుంది, ఎండిన సొరబుర్ర మీద పూసలూ పాము వెన్నుపూసలూ అల్లిన గిలక్కాయ లాంటిది, అది ఆడిస్తేనే పూజ నడిచేది.

ఆ మాంబో మొక్కజొన్న పిండి పళ్ళెంలో పట్టుకుని నేల మీద వంగింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి పట్టి సన్నగా జారవిడుస్తూ గీత లాగుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది, ముగ్గు వేసే చెయ్యి అది, నా చెయ్యి రోజూ పొద్దున్నే చేసే పనే అది. మధ్యలో ఒక సిలువ, దాని కింద సమాధి, రెండు పక్కలా శవపేటికలు, బావోన్ సామ్‌ది గుర్తు, స్మశానానికి యజమాని ఆయన. ఈ ముగ్గుని వేవే అంటారు, ప్రతి ల్వాకీ ఒక్కో వేవే, అది అందం కోసం కాదు, పిలుపు. అంత కష్టపడి గీసినదాని మీదే పది నిమిషాల్లో అందరూ ఆడటం మొదలుపెట్టారు, పిండి అంతా కాళ్ళకి అంటుకుని చెదిరిపోయింది, అయ్యో అని నేను పక్కకి జరుగుతుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుని మధ్యలోకి లాగింది, వచ్చేశాక ఇంక పిలుపుతో పనేముంది అంది.

డోళ్ళు మూడు, పెద్దదాన్ని మామాన్ అంటారు, అమ్మ అని. కాసేపటికి ఒకాయనకి పూనకం వచ్చింది, వాళ్ళ భాషలో అయితే దేవత మనిషిని గుర్రంలా ఎక్కింది అంటారు, ఆ మనిషి ష్వాల్, గుర్రం. నల్ల కోటు, ఊదా రంగు తలగుడ్డ, ఒక అద్దం లేని నల్ల కళ్ళజోడు తెచ్చి పెట్టారు. గెదే అంటే సిగ్గూ శరం లేని మాటలు మాట్లాడతాడు, పచ్చి మిరపకాయలు నానబెట్టిన నాటుసారా నీళ్ళలా తాగుతాడు, అందర్నీ నవ్విస్తాడు, ఎందుకంటే చచ్చినవాడికి ఇంక దేనికి భయం. నవ్విస్తూనే ఒకామెని పిలిచి బిడ్డ జ్వరం గురించి అడిగి ఏ ఆకు కాచి ఇవ్వాలో చెప్పి, హాస్పిటల్‌కి కూడా తీసుకెళ్ళమని తిట్టాడు. చాలావరకు వోదూ అంటే ఇదే, వైద్యం. హైతీ పల్లెల్లో డాక్టరు దొరకడం కష్టం, ఆకులు తెలిసిన పూజారి ఊళ్ళోనే ఉంటాడు.

కోడిని, మేకని బలి ఇస్తారా అంటే ఇస్తారు, దాచేదేం లేదు, తర్వాత వండుకుని అందరూ తింటారు. చెడు చేసేవాళ్ళు లేరా అంటే ఉన్నారు, డబ్బు తీసుకుని అలాంటి పనులు చేసేవాణ్ణి బోకో అంటారు, "రెండు చేతులా పని చేసేవాడు" అని వాళ్ళే అనుకుంటారు, ఏ ఊళ్ళో లేరండి అలాంటివాళ్ళు. ఆ సూదులు గుచ్చే బొమ్మ మాత్రం వీళ్ళ పూజలో ఎక్కడా లేదు, మనిషి బొమ్మ చేసి సూదులు గుచ్చే పని యూరప్ మంత్రగాళ్ళది, సినిమాలూ న్యూ ఆర్లీన్స్ టూరిస్ట్ షాపులూ కలిసి దాన్ని వీళ్ళకి అంటగట్టాయి.

జాంబీ మాత్రం వీళ్ళదే, కానీ సినిమాల్లో చూపించేది కాదు. మెదళ్ళు తినే శవం కాదు అది. ఎవడో మంత్రగాడు మనిషి ఆత్మని పట్టేసి, సమాధిలోంచి లేపి, రాత్రీపగలూ పొలంలో పని చేయించుకుంటాడని, ఆ మనిషికి సొంత మాట, సొంత ఇష్టం ఏమీ ఉండవని, పొరపాటున ఉప్పు తగిలితే మాత్రం తెలివొచ్చి తన సమాధి వెతుక్కుంటూ వెళ్ళిపోతాడని చెప్తారు. చచ్చిపోతే ప్రాణం సముద్రం అడుగు నుంచి గినేన్‌కి, అంటే ఆఫ్రికాకి, తిరిగి వెళ్ళిపోతుందని నమ్మిన బానిసకి, చచ్చాక కూడా బానిసగానే ఉండిపోవడం కన్నా పెద్ద భయం ఏముంటుంది చెప్పండి. వాళ్ళకి భయం జాంబీ అంటే కాదు, తాము జాంబీ అవడం అంటే.

మరి ఇంత చెడ్డపేరు ఎలా వచ్చిందీ అంటే, గెలిచినందుకు వచ్చింది. 1791 ఆగస్టులో బ్వా కైమాన్ అనే చోట రాత్రిపూట బానిసలు చేరారని, బూక్‌మాన్ అనే నాయకుడు, సెసిల్ ఫాతిమాన్ అనే మాంబో కలిసి నల్ల పందిని బలిచ్చి ఒట్టు వేయించారని హైతీలో చిన్నపిల్లలు కూడా చెప్తారు. రోజుల్లోనే, ఆగస్టు 22 రాత్రి, ఉత్తరాన చెరుకు తోటలు అంటుకున్నాయి. 13 ఏళ్ళు కొట్లాడి, నెపోలియన్ పంపిన సైన్యాన్ని కూడా ఓడించి, 1804 జనవరి 1న వాళ్ళ సేనాధిపతి దెసాలీన్ గొనైవ్‌లో స్వాతంత్ర్యం ప్రకటించాడు. బానిసలు తిరగబడి దేశాన్నే కట్టుకున్న చరిత్ర ప్రపంచంలో ఇంకోటి లేదు. బానిసల్ని పెట్టుకున్న దేశాలన్నీ వణికిపోయాయి, ఫ్రాన్స్ అయితే 1825లో యుద్ధ ఓడలు తెచ్చి నిలబెట్టి, మా తోటలూ మా బానిసలూ పోయారు కాబట్టి 15 కోట్ల ఫ్రాంకులు కట్టండి అంది, తర్వాత 9 కోట్లకి తగ్గించింది. ఆ గెలుపుని ఇది మనుషుల గెలుపు అని ఒప్పుకోలేనివాళ్ళకి దయ్యం పని అనడం తేలికైంది. 2010లో భూకంపం వచ్చి జనం శిథిలాల కింద ఉండగానే ఒక అమెరికా టీవీ పాస్టర్ హైతీవాళ్ళు అప్పట్లో సైతానుతో ఒప్పందం చేసుకున్నారు అన్నాడు, అంటే 200 ఏళ్ళైనా అదే మాట. మధ్యలో 1915 నుంచి 1934 దాకా అమెరికా సైన్యం ఆ దేశాన్ని ఆక్రమించుకుని కూర్చుంది, ఆ టైమ్‌లోనే అక్కడికి వెళ్ళొచ్చినవాళ్ళు నరబలులు, నడిచే శవాలు అని పుస్తకాలు రాసి అమ్ముకున్నారు, 1932లోనే హాలీవుడ్ జాంబీ సినిమా తీసేసింది. మీ హెడ్డింగ్‌లో ఉన్న వూడూ అక్కణ్ణుంచి వచ్చింది, హైతీ నుంచి కాదు.

ఇది పేరు గొడవే కదా, ఎందుకింత అంటారేమో. ఆ పేరుతో మనుషులు చచ్చారండి. హైతీలోనే 1935లో మూఢాచారాలు అని చట్టం పెట్టి దీన్ని నిషేధించారు, 1941, 42ల్లో చర్చీ ప్రభుత్వమూ కలిసి ఊరూరా తిరిగి గుళ్ళు కూల్చారు, డోళ్ళు తగలబెట్టారు, దేవతలుంటారని మొక్కే మాపూ చెట్లు నరికారు, జనాన్ని వరసగా నిలబెట్టి ల్వాలని వదిలేస్తున్నా అని ఒట్టు వేయించారు. మా కింది వాటా ఆవిడ అప్పటికి చంటిపిల్ల. వాళ్ళ నాన్న డోలు వాయించేవాడట, వాళ్ళు వస్తున్నారని తెలిసి రాత్రికి రాత్రి పెరట్లో గొయ్యి తవ్వి పెద్ద డోలు పాతిపెట్టాడట, పైన చిలగడదుంప తీగ నాటాడట. గొడవ సద్దుమణిగాక తీస్తే చర్మం అంతా చెదలు తినేసింది, చెక్క మిగిలింది, కొత్త మేకతోలు బిగించి అదే డోలు మళ్ళీ వాయించాడు. ఈ కథ ఆవిడ నాకు ఏడాది తర్వాత చెప్పింది. అడిగిన ప్రతివాళ్ళకీ మేము కాథలిక్కులం అని చెప్పి ఊరుకోవడం ఆ ఇంట్లో అప్పట్నుంచీ అలవాటు.

1986లో నియంత దువాలియే కొడుకు దేశం వదిలి పారిపోయాక, వాళ్ళ మనుషులన్న పేరుతో ఎందరో ఉంగాన్లనీ మాంబోలనీ గుంపులు చంపేశాయి. తండ్రి దువాలియే ఈ మతాన్ని తన భయం రాజకీయానికి వాడుకున్న మాట నిజమే, బావోన్ సామ్‌దిలా నల్ల కోటు నల్ల టోపీ వేసుకునేవాడు, కానీ దాని ఖరీదు పల్లెటూరి పూజారులు కట్టారు. 1987 రాజ్యాంగంతో ఆ పాత చట్టం పోయింది, 2003లో ప్రభుత్వం దీన్ని మతంగా గుర్తించి పెళ్ళిళ్ళు, బాప్తిజాలు, అంత్యక్రియలు చేసే హక్కు ఇచ్చింది. హమ్మయ్య అనుకునేలోపే 2010 చివర్లో కలరా వచ్చింది. ఆ కలరా ఐక్యరాజ్యసమితి శాంతిసేన శిబిరం మురుగు నదిలో కలవడం వల్ల వచ్చింది, కానీ ఊళ్ళల్లో వోదూ పూజారులు ఏదో పొడి చల్లారని పుకారు లేపి 40 మందికి పైగా పూజారుల్ని కత్తులతో నరికి, తగలబెట్టి చంపేశారు. ఇది పాత కథ కాదు, 2024 డిసెంబర్‌లో రాజధాని పోర్టో ప్రిన్స్ వార్ఫ్ జెరెమీ బస్తీలో ఒక గ్యాంగ్ లీడర్ తన కొడుక్కి జబ్బు చేస్తే ముసలివాళ్ళు ఏదో చేశారని, వోదూ పాటించేవాళ్ళని వెతికి వెతికి పట్టుకుని చంపించాడు, ఐక్యరాజ్యసమితి లెక్క కనీసం 207 మంది, ఎక్కువమంది ముసలివాళ్ళే. మీ ఆదివారం హెడ్డింగ్ చూసినప్పుడు నాకు వెంటనే గుర్తొచ్చింది ఇదే. వూడూ అంటే చేతబడి అన్న ఒక్క మాట నమ్మితే చాలు, పొద్దున్నే గుమ్మం ముందు నీళ్ళు పోసే ముసలావిడ కూడా మంత్రగత్తె అయిపోతుంది.

అందుకని నా మనవి. చేతబడి వార్త అయితే చేతబడి అనే రాయండి, దానికి తెలుగులో మాటలకి కరువు లేదు. హైతీ గురించి రాయాల్సి వస్తే వోదూ మతం అని రాయండి, అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కూడా 2012లో తన పుస్తకాల వర్గీకరణలో పాత స్పెల్లింగ్ తీసేసి హైతీవాళ్ళు రాసుకునే పేరే పెట్టింది, మనకి రెండు అక్షరాలు మార్చుకోవడం కష్టమేం కాదు. జూలై 16న హైతీలోని సోదో జలపాతం దగ్గర మేరీమాత పేరు, ఎజిలీ పేరు రెండూ తలుచుకుంటూ వేలమంది స్నానాలు చేస్తూ వచ్చారు, నవంబర్ 2న స్మశానాల్లో సిలువ ముందు కొవ్వొత్తులు పెడతారు, అలాంటి రోజు ఒక చిన్న ఐటెమ్ వేయండి చాలు. ఫోటో కావాలంటే ఆ గుడ్డబొమ్మ వద్దు, వేవే ముగ్గు వేయండి.

ఇట్లు,
మీ పేపర్ పాత పాఠకురాలు